తల దగ్గర కూర్చునే డాక్టరు: హైదరాబాదు క్లోరోఫామ్ నుంచి పక్షవాతం చికిత్స దాకా

(డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం, కుత్బుల్లాపూర్)

క్లోరోఫామ్ పీల్చిన రోగి బల్ల మీదే ప్రాణం విడిస్తే, ముందు ఆగింది గుండెనా, ఊపిరా? పందొమ్మిదో శతాబ్దంలో లండన్ డాక్టర్లకూ ఎడిన్‌బరో డాక్టర్లకూ మధ్య దశాబ్దాలపాటు తెగని తగువు ఇది. దాన్ని తేల్చడానికి డబ్బు పెట్టినవాడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ప్రయోగాలు జరిగిన ఊరు హైదరాబాదు. వచ్చిన జవాబు సగమే నిజమని తేలేసరికి మరో ఇరవై ఏళ్లు గడిచాయి. ఇవాళ పక్షవాతం వచ్చిన మనిషిని, నాళాల్లోకి గొట్టం పంపే క్యాథ్ ల్యాబ్‌లో పడుకోబెట్టినప్పుడు మత్తు డాక్టరు చేసే పనికి మూలాలు వెతికితే ఆ సగం నిజం దగ్గరికే వెళ్లాలి.

రూపాబాయి చదువుకున్నది ఆ ప్రయోగాలు జరిగిన రోజుల్లోనే. పార్శీ ఇంటి ఆడపడుచు. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూలు ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు లోపల అడుగుపెట్టిన తొలి అయిదుగురిలో ఆమె ఒకరు. తర్వాత ఈ నగరంలోని ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇవ్వడాన్నే తన వృత్తిగా చేసుకున్నారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి వచ్చారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసి 1920లో తప్పుకున్నారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని వైద్య చరిత్ర రాసినవారిలో చాలామంది అంటారు. తొలి స్థానం గురించిన వాదం ఎలా ఉన్నా, ఆమె విషయంలో అంతకన్నా గట్టిగా చెప్పుకోవలసినది మరొకటుంది. ఆ రోజుల్లో క్లోరోఫామ్ సీసా ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ల చేతికి పోయేది. కత్తి పట్టినవాడికే పేరు. ఆ సీసా పట్టుకోవడమే ఒక చదువు అనుకుని, దాని వెనకున్న రసాయన శాస్త్రం కోసం నడివయసులో సముద్రం దాటిన మనిషి ఆమె.

మత్తు చరిత్రలో మొదటి పేజీ 1846 అక్టోబరు 16. బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ పీల్పించగా మెడ మీది కంతికి ఆపరేషన్ జరిగింది. ఏడాది తిరిగేసరికి, 1847 నవంబరులో, ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్ తెచ్చాడు. ఈథర్ కన్నా వాసన మెరుగు, పని తొందర. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి నిమిషాల్లో చనిపోయింది. గోరు కోసం ప్రాణం పోయిన ఆ చావు వైద్యలోకాన్ని కుదిపేసింది. లండన్‌లో జాన్ స్నో లాంటివారు గుండెను అనుమానించారు. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్ మాత్రం ఊపిరినే చూడమన్నాడు. నాడి పట్టుకుని కూర్చుంటే ఊపిరి మీద ధ్యాస తప్పుతుందని ఆయన వాదన.

ఆ సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ. 1885 నాటికి హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, మెడికల్ స్కూలు బాధ్యత కూడా చేపట్టాడు. గురువు మాట అతనికి వేదం. 1888లో నిజాం అనుమతితో మొదటి క్లోరోఫామ్ కమిషన్ వేశాడు. వీధికుక్కలకు క్లోరోఫామ్ ఇచ్చి, చచ్చేదాకా చూసి, ప్రతిసారీ ముందు ఊపిరే ఆగుతోందని రాశాడు. లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్' ఆ మాట నమ్మలేదు. దాంతో నిజాం వెయ్యి పౌన్లు ఇస్తానన్నాడు: మీ మనిషినే పంపండి, మళ్లీ చేసి చూద్దాం అని. అలా 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. అప్పటికి అతను పేరున్న ఔషధ శాస్త్రవేత్త. గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ వాడొచ్చని కనిపెట్టినవాడు. వచ్చేటప్పుడు అతనిది లండన్ అభిప్రాయమే. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైగా జీవాల మీద పరీక్షలు జరిగాయి. రక్తపోటు గీతలను తిరిగే డ్రమ్ము మీద గీయించి ఫోటోలు తీశారు. చివరికి బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు: ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల, గుండె మీద నేరుగా ఏ ప్రమాదమూ లేదు అని.

నోరులేని అన్ని జీవాల చావును ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోవడం న్యాయం కాదు. అవి చచ్చి తెచ్చిన జ్ఞానం ఎంతో, అందులో లోపం ఎంతో చూడటమైనా వాటి రుణం కొంత తీర్చడమే.

లోపం 1911లో బయటపడింది. గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు డాక్టరు పిల్లుల మీద చేసిన పరీక్షల్లో, క్లోరోఫామ్ మత్తు పల్చగా ఉన్నప్పుడు కొద్దిగా అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి వణుకుతూ ఆగిపోయింది. భయపడి గింజుకునే రోగి ఒంట్లో ఆ అడ్రినలిన్ తనకు తానే ఊరుతుంది. అంటే చిన్న ఆపరేషన్ కదా అని కాస్త క్లోరోఫామ్ పట్టించి, పిల్ల భయంతో వణుకుతుండగానే కత్తి పెట్టడం చాలా ప్రమాదం. హైదరాబాదు ప్రయోగాల్లో మోతాదు ఎక్కువ, మత్తు గాఢం. అందుకే ఆ చావు వాళ్ల కంట పడలేదు. లారీ చెప్పిన ఊపిరి మాట నిజం. గుండెకు భయం లేదన్న మాట తప్పు. ఆ తప్పును పట్టుకుని గుండెను పట్టించుకోని చోట ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్కలేదు.

హైదరాబాదు నుంచి నిలిచింది మాత్రం మరొకటి. మత్తు ఇచ్చేవాడు పక్కకు చూడకూడదు, గీతలు గీయాలి, కొలవాలి అన్న పద్ధతి. ఆ డ్రమ్ము మీది గీతలే ఇవాళ థియేటర్లో తల దగ్గరుండే మానిటర్ మీద రంగురంగుల గీతలయ్యాయి: గుండె గీత, వేలికి తగిలించిన క్లిప్పు చూపే ఆక్సిజన్, బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, బీపీ. సైమ్ ఊపిరి, స్నో గుండె రెండూ ఒకే తెర మీద ఉంటాయి. అప్పటి తగువు తెగిపోయింది.

ఒక్క ప్రశ్న మాత్రం ఆ కమిషన్ అడగనే లేదు. మత్తు మందు గురి అసలు గుండె మీదా కాదు, ఊపిరితిత్తుల మీదా కాదు, మెదడు మీద. మెదడుకు ఏమవుతుంది?

మత్తును నిద్ర అనడం అలవాటు. "నిద్రపోతావు, లేచేసరికి అయిపోతుంది" అని మత్తు డాక్టర్లే రోగికి ధైర్యం చెబుతారు. నిద్రపోయినవాణ్ని తట్టి లేపొచ్చు. మత్తులో ఉన్నవాణ్ని కోసినా లేవడు. గాఢమైన మత్తులో మెదడు గీతలు నిద్ర గీతల్లా కాక, కోమా గీతలకు దగ్గరగా ఉంటాయి. ప్రోపోఫాల్, థయోపెంటోన్, సెవోఫ్లురేన్ లాంటివి ఎక్కువగా మెదడు కణాల మీది గాబా గ్రాహకాల బలం పెంచి, కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా అణిచేస్తాయి. కెటమిన్ తీరు వేరు. అది ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూసేస్తుంది. రోగి కళ్లు తెరిచే ఉంటాడు, మనిషి మాత్రం అక్కడ ఉండడు. బీపీ పడిపోకుండా నిలబెట్టే గుణం ఉండటం వల్ల, రక్తం బాగా పోయిన కేసుల్లో ఇప్పటికీ తరచుగా దాన్నే ఎంచుకుంటారు.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే. ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు ఇరవై శాతం అదే తినేస్తుంది. నిల్వ ఏమీ ఉండదు. నూరు గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది ఇరవైకి పడితే కణాలు పని మానేస్తాయి. పదికి పడితే చనిపోతాయి. ఇంకో లెక్క ఉంది, ఈ ఉపన్యాసానికి అదే కీలకం. మెదడు ఖర్చు చేసే శక్తిలో దాదాపు అరవై శాతం కబుర్లు పంపడానికి, అంటే విద్యుత్ పనికి పోతుంది. మిగతా నలభై కణం బతికి ఉండటానికి. మత్తు మందు ఎంత గాఢంగా ఇచ్చినా తగ్గించేది ఆ అరవైనే. నలభై జోలికి అది పోలేదు.

ఈ లెక్క తెలియగానే వైద్యులకు పెద్ద ఆశ పుట్టింది. మెదడు ఖర్చు సగానికి సగం తగ్గిస్తే, రక్తం అందని మెదడు ఎక్కువసేపు బతకదా? థయోపెంటోన్ మీద, తర్వాత ఐసోఫ్లురేన్ మీద, ప్రోపోఫాల్ మీద, జినాన్ వాయువు మీద ఏళ్ల తరబడి పని జరిగింది. ఎలుకల్లో బాగా కనిపించింది. మనుషుల్లో పక్షవాతానికి అది మందుగా నిలవలేదు. కారణం ఆ లెక్కలోనే ఉంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన చోట విద్యుత్ పని అప్పటికే ఆగిపోయి ఉంటుంది. తగ్గించడానికి ఖర్చే మిగలదు. పైగా అదే మందు బీపీని కిందికి లాగుతుంది. మెదడును కాపాడాలని ఇచ్చిన మందు మెదడుకు అందే కాస్త రక్తాన్నీ తగ్గిస్తే లాభమెక్కడ?

బీపీ మాట ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పక్షవాతంలో మెదడు స్థితి తెలియాలి. గడ్డ అడ్డుపడిన నాళం పరిధిలో నడిమి భాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ ఒక అంచు ఉంటుంది. ఆ కణాలు పని మానేశాయి గానీ ప్రాణంతో ఉన్నాయి. ఆస్ట్రప్, సీష్యో, సైమన్ 1981లో ఈ అంచును స్పష్టంగా నిర్వచించారు. కాలువకు గండిపడ్డప్పుడు చివరి ఆయకట్టు రైతు సంగతి గుర్తుచేసుకుంటే ఇది అర్థమవుతుంది. ఆ పొలానికి సొంత నీరు రాదు. పక్క పొలాల గట్ల నుంచి ఊటగా వచ్చే తడితో పైరు వాడిపోయి నిలబడి ఉంటుంది, ఎండిపోలేదు. పై కాలువలో మట్టం ఇంకాస్త తగ్గిందా, ఆ ఊటా ఆగుతుంది. మెదడులో ఆ మట్టమే బీపీ. మామూలు మెదడులో బీపీ కొంత పెరిగినా తగ్గినా నాళాలు సర్దుకుని రక్తం ఒకే తీరుగా పంపుతాయి. దెబ్బతిన్న అంచులో ఆ సర్దుబాటు ఉండదు. బీపీ ఎంతో రక్తమూ అంతే.

కాలం లెక్క మరీ కఠినం. అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో కట్టిన లెక్క ప్రకారం పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి 19 లక్షల నాడీకణాలు, 12 కిలోమీటర్ల నాడీతంతువులు పోతాయి. అందుకే పక్షవాతం వైద్యం మూడు దశాబ్దాలుగా గడియారంతోనే నడుస్తోంది. 1995లో గడ్డ కరిగించే ఆల్టిప్లేస్ మూడు గంటల లోపు ఇస్తే పనిచేస్తుందని తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. 2015లో తొడ దగ్గర నాళం గుండా సన్నటి గొట్టం మెదడు దాకా పంపి గడ్డను లాగేసే పద్ధతి నెగ్గింది. స్కానులో బతికున్న అంచు కనిపిస్తే పదహారు గంటల దాకా లాగొచ్చని ఒకటి, ఇరవైనాలుగు గంటల దాకా కూడా లాగొచ్చని మరొకటి, 2018లో రెండు పరీక్షలు చూపాయి.

గొట్టం పంపడమంటే అక్కడ మత్తు డాక్టరు కావాలి. గదిలో పరిస్థితి ఊహించడం కష్టం కాదు. ఎడమ మెదడు దెబ్బతింటే రోగికి మాట రాదు, చెప్పింది అర్థం కాదు. కుడి చెయ్యి చచ్చుబడినా ఎడమ చేత్తో అన్నీ పీకేస్తుంటాడు. మెదడులో వెంట్రుకంత గొట్టం కదులుతున్నప్పుడు తల ఊగితే నాళం చిరిగిపోవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి ఊపిరి గొట్టం వేస్తే కదలడు, గానీ దానికి కొన్ని నిమిషాలు పోతాయి, బీపీ పడొచ్చు. కొద్దిపాటి మత్తుతో మెలకువలోనే ఉంచితే నిమిషాలు మిగులుతాయి, గానీ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. ఏది మేలు?

మొదట్లో పాత కేసుల రికార్డులు తిరగేసినవాళ్లంతా పూర్తి మత్తు చెడ్డదని తేల్చారు. ఆ రికార్డుల్లో మోసమేమీ లేదు, చూపులోనే లోపం ఉంది. బాగా జబ్బు పడ్డవాళ్లకే పూర్తి మత్తు ఇచ్చారు. వాళ్లే ఎక్కువగా చెడిపోయారు. లాటరీ తీసి రోగులను విడగొట్టి చూస్తే కథ మారింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో సియెస్టా (2016, 150 మంది), స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆన్‌స్ట్రోక్ (2017, 90 మంది), డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో గొలాయత్ (2018, 128 మంది) అనే మూడు పరీక్షలు జరిగాయి. సియెస్టాలో ఒక రోజు తర్వాత చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. మూడు నెలలకు తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు పూర్తి మత్తు గుంపులో 37 శాతం, మెలకువ గుంపులో 18 శాతం. ఆ మూడు నెలల అంకెలను మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఆ పరీక్ష ప్రధానంగా అడిగిన ప్రశ్న అది కాదు. మూడింటిలోని 368 మందినీ కలిపి 2019లో చూసినప్పుడు కూడా మొగ్గు పూర్తి మత్తు వైపే ఉంది. చెడ్డదని ముద్ర వేసిన పద్ధతి ఇలా తిరగబడింది.

ఇందులో చూడవలసినది మందు పేరు కాదు. ఆ పరీక్షల్లో మత్తు ఇచ్చినవి మెదడు రోగులను చూసుకోవడంలో ఆరితేరిన బృందాలు. బీపీ పై అంకె 140కి తగ్గకుండా ముందే నియమం పెట్టుకున్నారు. పడుతోందని తెలిసిన మరుక్షణం బీపీ నిలబెట్టే మందు ఎక్కించారు. వెంటిలేటర్ మీద కార్బన్ డయాక్సైడ్ మామూలుగా ఉంచారు. దీనికీ ఒక లెక్క ఉంది. రక్తంలో ఆ వాయువు ఒక్కో మిల్లీమీటరు తగ్గితే మెదడుకు పోయే రక్తం రెండు నుంచి నాలుగు శాతం తగ్గుతుంది. కంగారులో సంచి గబగబా పిండే చెయ్యి తెలియకుండానే మెదడు నాళాలను బిగించేస్తుంది. ప్రోపోఫాల్ మంచిదా, సెవోఫ్లురేన్ మంచిదా అనే ప్రశ్న ఆ తర్వాతది.

మెడలోని కెరోటిడ్ నాళం శుభ్రం చేసే ఆపరేషన్లోనూ ఇదే తేలింది. అక్కడ రోగిని మెలకువలో ఉంచి మెడకే మత్తు ఇచ్చే పద్ధతి ఒకటుంది. నాళం బిగించి ఉన్నంతసేపూ రోగితో మాట్లాడుతూ, అవతలి చేతిలో పిండితే కూసే రబ్బరు బొమ్మ పెడతారు. కూత ఆగితే మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం. ఏ యంత్రానికీ తీసిపోని కొలత అది. అయినా 2008లో వెలువడిన గాలా పరీక్షలో 24 దేశాల 3,526 మందిని చూస్తే, పక్షవాతం, గుండెపోటు, మరణం కలిపి పూర్తి మత్తులో 4.8 శాతం, మెడ మత్తులో 4.5 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు దారుల్లోనూ జాగ్రత్తగా చూసుకున్నవాళ్లే ఉన్నారు కాబట్టి తేడా రాలేదనుకోవడమే సబబు.

ఇక తిరగేసిన ప్రశ్న. పక్షవాతం రాని మనిషికి ఏ తుంటి ఆపరేషనో చేస్తే, ఆ సమయంలో పక్షవాతం రాదా? వస్తుంది, కొన్నిసార్లు ఎవరికీ తెలియకుండా. 2019లో న్యూరోవిజన్ అనే అధ్యయనం 65 ఏళ్లు దాటిన 1,114 మందికి గుండెకు సంబంధం లేని ఆపరేషన్ల తర్వాత ఎమ్మారై తీసింది. చెయ్యి పడిపోలేదు, నోరు వంకర పోలేదు. అయినా ఏడు శాతం మంది మెదడులో కొత్త మచ్చ కనిపించింది. ఏడాది తర్వాత జ్ఞాపకం, ఆలోచన మందగించడం మచ్చ ఉన్నవారిలో 42 శాతం, లేనివారిలో 29 శాతం. "ఆపరేషన్ అయినప్పటి నుంచి నాన్న మునుపటిలా లేడు" అని ఇళ్లల్లో చెప్పుకునే మాటను కొట్టిపారేయకూడదు. నేరమంతా మత్తు మందుదే అనడం మాత్రం తొందరపాటు. 2008 నాటి పాయిజ్ పరీక్షలో ఆపరేషన్ ముందు గుండెను కాపాడాలని మెటోప్రొలాల్ ఇస్తే గుండెపోట్లు తగ్గాయి, పక్షవాతాలు మాత్రం 0.5 నుంచి ఒక శాతానికి పెరిగాయి. అక్కడా అనుమానం పడిన బీపీ మీదకే పోయింది.

ఇదంతా కుత్బుల్లాపూర్‌లో చెప్పుకోవడానికి కారణాలున్నాయి. ఈ నేలకు మందులు కొత్త కాదు. చింతల్ పక్కన సోవియట్ సాయంతో లేచిన ఐడీపీఎల్ తెలుగు నేల మీద మందుల తయారీకి బడి అయింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి తర్వాత డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జీడిమెట్ల పారిశ్రామికవాడ ఆ బడి కొనసాగింపే. దుండిగల్లో పీవీఎన్ రాజు స్థాపించిన గ్లాండ్ ఫార్మా పేరు తెచ్చుకున్నది హెపారిన్‌తో. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆ మందును పంది పేగుల నుంచి తీస్తారు. గడ్డ లాగే గొట్టాల్లో కొత్త గడ్డ చేరకుండా కడిగే సెలైన్లో ఉండేదీ, కెరోటిడ్ నాళం బిగించే ముందు ఎక్కించేదీ అదే. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, సూరారంలో వైద్య కళాశాలలు, మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లో మెడిసిటీ ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్స్ సేవకు కేంద్రం ఈ మేడ్చల్ రోడ్డులోని దేవరయాంజాల్లోనే ఏర్పడింది. లారీ కాలంలో రెసిడెంటు బంగళా ఉన్న బొల్లారమూ ఈ పక్కదే. ఆ బంగళాయే ఇప్పుడు రాష్ట్రపతి నిలయం.

మందు తయారయ్యే చోటికీ, ఆ మందు వేళకు అందే మనిషికీ మధ్య దూరం మాత్రం ఇంకా తగ్గాల్సి ఉంది. షాపూర్‌నగర్లోనో గాజులరామారంలోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషి తెల్లవారి లేచేసరికి చెయ్యి పైకి లేవదు. బీపీ ఉందని తెలుసు, మందు ఆపేసి చాలా రోజులైంది. ఇంట్లోవాళ్లు ముందు వేడినూనె రాస్తారు. ఎవరో పావురం నెత్తురు పూయమంటారు. ఇంకెవరో నాటుమందు పేరు చెబుతారు. వాళ్లది ప్రేమే, తెలివితక్కువతనం కాదు. పక్షవాతానికి వైద్యం ఉందని, అదీ గంటల లెక్కలో ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

రెండు పొరపాట్లు వీధి చివరి వైద్యం దగ్గర జరుగుతుంటాయి. ఒకటి, బీపీ 190 కనిపించగానే నాలుక కింద మాత్ర పెట్టి దభాలున దించడం. ఆ పెరిగిన బీపీయే బతికున్న అంచుకు రక్తం నెడుతోంది. గడ్డ కరిగించే మందు ఇచ్చేటప్పుడు పై అంకెను 185కి, కింది అంకెను 110కి లోపు తేవాలి, అదీ సూదితో, చూసుకుంటూ. నాళం మూసుకున్న కేసుల్లో ఆ మందూ ఇవ్వక, గడ్డా లాగకపోతే, పై అంకె 220 దాటేదాకా సాధారణంగా తొందరపడరు. రెండోది, స్కాన్ తీయకముందే ఆస్పిరిన్ మింగించడం. నాళం మూసుకుందో, చిట్లి నెత్తురు కారుతోందో పైనుంచి చూసి చెప్పడం ఎంతటి డాక్టరుకైనా సాధ్యం కాదు. చిట్లిన కేసులో ఆస్పిరిన్ అపకారం. మింగడం చేతకాని నోట్లో నీళ్లు పోయడం దీనికి తోడు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే రేపు మత్తు డాక్టరుకు అదే పెద్ద చిక్కు.

దూరాన్ని తగ్గించిన దారులు తెలుగు నేల మీదే ఉన్నాయి. నెల్లూరులో న్యూరాలజిస్టు డాక్టర్ బిందు మీనన్ 'న్యూరాలజీ ఆన్ వీల్స్' పేరుతో వాహనంలో పల్లెలకు వెళ్లి పక్షవాతం, మూర్ఛ రోగులను చూస్తూ, బీపీ మందు ఆపొద్దని ఊరూరా చెబుతున్నారు. మందులోనూ మార్పు వచ్చింది. ఆల్టిప్లేస్ గంటసేపు ఎక్కించాలి. టెనెక్టిప్లేస్ ఒకే సూది, క్షణాల్లో అయిపోతుంది. సీటీ స్కాను, ఆ సూది ఉన్న చిన్న ఆసుపత్రిలో మందు వేసి, గడ్డ లాగే సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి అదే అంబులెన్స్‌లో పంపడం ఇప్పుడు సాధ్యం. ఆ ప్రయాణంలో బీపీ పడకుండా, ఆక్సిజన్ తగ్గకుండా తల పక్కన కూర్చునేవాళ్లకు శిక్షణ కావాలి. రాత్రి రెండింటికి క్యాథ్ ల్యాబ్‌లో మత్తు డాక్టరు ఉంటారా, పిలిస్తే ఇంటి నుంచి రావాలా అన్న ప్రశ్న ప్రతి ఆసుపత్రినీ అడగాలి. కొత్త యంత్రం ప్రారంభానికి రిబ్బను కత్తిరిస్తారు. మత్తు డాక్టరు రాత్రి డ్యూటీకి ఎవరూ రిబ్బను కట్టరు. పక్షవాతం కేసులో రెండోది లేకుండా మొదటిదానితో పని జరగదు.

జీడిమెట్ల యూనిట్లలో నిప్పు అంటుకుంటే ఏం చేయాలో గోడల మీద రాసి ఉంటుంది. దాని పక్కనే ఇంకో నాలుగు మాటలకు చోటు పెద్ద కష్టం కాదు: నోరు వంకర పోయిందా, చెయ్యి పడిపోతోందా, మాట తడబడుతోందా, అయితే 108. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో ఆ సమయం రాసుకోవాలి. ఆసుపత్రిలో డాక్టరు మొట్టమొదట అడిగేది అదే. ఆ అంకె తెలియకపోతే, ఇవ్వగలిగిన మందు కూడా ఇవ్వకుండా ఆగాల్సి రావచ్చు.

బతికి బయటపడ్డవాళ్లకూ మత్తు డాక్టరుతో పని ఉంటుంది. పక్షవాతం తగ్గిన మనిషికి కంటి శుక్లమో, హెర్నియానో, మోకీలో ఆపరేషన్ అవసరమవుతుంది. డెన్మార్క్ దేశ రికార్డులన్నీ చూసి 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పక్షవాతం తర్వాత దాదాపు తొమ్మిది నెలల దాకా ఆపరేషన్లలో మళ్లీ పక్షవాతం, గుండెపోటు, మరణం భయం ఎక్కువ. ఆ తర్వాత అది నిలకడపడుతుంది. ఆగగలిగిన ఆపరేషన్ ఆగితే మేలు. ఆగలేనిదైతే, రక్తం పల్చబడే మాత్ర ఎప్పుడు ఆపాలి, ఆపాలా వద్దా అన్నది సర్జన్, న్యూరాలజిస్టు, మత్తు డాక్టరు ముగ్గురూ కలిసి తేల్చాలి. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడి అడిగే ప్రశ్నలకు ఇంటివాళ్లు తొందరగా తలాడించి పంపేయకుండా పాత చీటీలన్నీ తీసి చూపాలి: పక్షవాతం ఏ నెలలో వచ్చింది, ఏ చెయ్యి, ఇప్పుడు ఏ మందులు, ఇంట్లో చూసినప్పుడు బీపీ మామూలుగా ఎంత ఉంటుంది. రేపు థియేటర్లో ఆ మనిషి బీపీని ఏ అంకె కిందికి పోనివ్వకూడదో ఆయన నిర్ణయించేది ఆ చివరి జవాబును బట్టే.